ఆ చేను వాళ్ళది కాదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం పనేమీ లేక ఒక పిచ్చి పని చేశాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, పోయిన సీజన్లో మా ఊరి పిల్ల పాడిన పాటల పోటీ ఎపిసోడ్ మళ్ళీ చూశాను. యాంకర్ ఆ పిల్ల పేరు పిలిచిన కాడి నుంచి స్టేజీ దిగేదాకా 13 నిమిషాల చిల్లర. అందులో పాట ఎంతసేపో తెలుసా? నిమిషం 52 సెకన్లు. పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి, అంతే. మిగతా 11 నిమిషాలూ ఏడుపులు, కౌగిలింతలు, యాంకర్ జోకులు, మళ్ళీ ఏడుపులు. రెండో చరణం ఏమైందని అడిగే నాథుడు లేడు. ఆ పాట రాసినాయనకు రెండో చరణం రాయడానికి ఎన్ని రాత్రులు పట్టిందో!

నేనెవరంటారా? 22 ఏళ్ళుగా అనంతపురంలో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్ళు, లలిత కళాపరిషత్తులో సన్మానాలు. ఎవరికి ఏ శ్రుతి సరిపోతుందో రెండు లైన్లు వింటే చెప్పేస్తా. అదొక్కటే నాకొచ్చిన విద్య. ఆ పిల్ల మా ట్రూపులో రెండేళ్ళు పాడింది. బుక్కరాయసముద్రం వైపు పల్లె. డిగ్రీ చదువుతూ శని, ఆదివారాలు ప్రోగ్రాములకు వచ్చేది. ఆడిషన్‌కు వెళ్ళమని సతాయించింది కూడా నేనే. కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

సెలెక్టయింది. వారం తిరక్కుండానే ఇల్లు షూట్ చేయడానికి హైదరాబాద్ నుంచి నలుగురు ఇన్నోవాలో దిగారు. "అన్నా, నాకు భయంగా ఉంది, నువ్వుండు" అంటే నేనూ పోయాను. వాళ్ళ నాయనకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. డ్రిప్ ఉంది, బోర్లో నీళ్ళున్నాయి. తాడిపత్రి బండలు పరిచిన మిద్దె. కోటీశ్వరులు కాదు, అప్పులు లేవనీ కాదు. కానీ మూడు పూటలా తిని, ఇద్దరాడపిల్లల్ని చదివించుకుంటున్న ఇల్లు. ఆ ఇల్లు చూడగానే డైరెక్టరో ఎవరో, ఆ పిల్లాడి మొహం వాడిపోయింది.

"ఇల్లు ఇదేనా అండీ? పాతిల్లు గానీ, కొట్టం లాంటిది గానీ ఏమైనా ఉందా?"

లేదన్నారు. సరే, వంటింట్లో మిక్సీ మీద తువ్వాలు కప్పించి, వాళ్ళమ్మను పెరట్లో రోలు దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోట్లో చివరిసారి ఎప్పుడు రుబ్బారో ఆమెకే గుర్తులేదు. లోపల బల్లులు గుడ్లు పెట్టి ఉన్నాయి, కడిగి మరీ కూర్చోబెట్టారు. తర్వాత పొలం. చీనీ తోట చూపిస్తే "చాలా పచ్చగా ఉందండీ" అన్నాడు. పచ్చగా ఉండటం కూడా తప్పే! రోడ్డు అవతల ఇంకొకాయన శెనక్కాయ చేను దుక్కి దున్ని ఉంది. ఆ పిల్ల నాయన్ని తీసుకుపోయి అందులో నిలబెట్టారు. పిడికిట్లోకి మట్టి తీసుకుని ఆకాశం వంక చూడమన్నారు.

"ఆకాశంలో ఏం చూడాల్నప్పా?"

"మబ్బులండీ. వాన కోసం చూస్తున్నట్టు."

"మే నెల్లో మబ్బులు యాడుంటాయప్పా?"

నేను నవ్వాపుకోలేక పక్కకు పోయాను. అయ్యా, మా దగ్గర మెట్ట చేలల్లో జూన్, జూలైల్లో పదునైతేనే శెనక్కాయ విత్తనం వేస్తారు. మే నెల్లో ఏ మెట్ట చేనైనా అట్లనే ఉంటుంది. దానికి కరువుతో సంబంధం లేదు, క్యాలెండర్‌తో ఉంది.

కరువు అబద్ధమని నేననడం లేదు. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా మనదేనని బళ్ళో బట్టీ పట్టినవాళ్ళమే అందరం. బెంగళూరుకు, కేరళకు బస్సెక్కినవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. చేను అమ్ముకున్నవాళ్ళున్నారు, ఉరి తాడు దాకా పోయినవాళ్ళున్నారు. అందుకే ఒళ్ళు మండింది. నిజంగా ఉన్న కష్టాన్ని అడ్డం పెట్టుకుని లేనిదాన్ని బాడుగకు తెచ్చి చూపిస్తే, రేపు నిజంగా ఉన్నోడు వచ్చి చెప్పుకున్నా "ఆ, టీవీ డ్రామాలే" అంటారు కదా.

ప్రసారం రోజు అందరం వాళ్ళింట్లోనే కూర్చున్నాం. ఉగ్గాని, బజ్జీలు. మొదలైంది. వయొలిన్లు. రంగు తగ్గించి బూడిద రంగులో చేను. వాళ్ళ నాయన ఆకాశం వంక చూస్తున్నాడు. వెనక ఒక గొంతు చినుకు కోసం తపించే నేల అంటోంది. వాళ్ళ నాయన బజ్జీ చేతిలో పట్టుకుని, "అది నా చేను కాదు గదా" అని మెల్లగా అన్నాడు. ఎవరూ పలకలేదు. స్టుడియోలో ఒక జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ చప్పట్లు, ఆ కన్నీళ్ళు తుడుచుకునే జనం, అవన్నీ పాటకు ముందే విడిగా తీసుకున్నారని ఆ పిల్ల తర్వాత చెప్పింది.

మరుసటి రోజు పొద్దున్నే అసలు చేను ఆసామి ఫోను. "ఏమప్పా, నా చేనుకు బాడుగ ఇయ్యవా?" అని నగుతాండాడు. అది నవ్వులాటే. కానీ ఎరువుల అంగడాయన నవ్వలేదు. "ఇంత ఇబ్బందుల్లో ఉండావని మాకు చెప్పనే లేదే" అని, కొత్తగా ఉద్దర ఇచ్చేదానికి వెనకాముందు ఆడి, పాత బాకీ ముందు చూసుకోమన్నాడు. పెద్ద పిల్లకు సంబంధం మాట్లాడుతున్నవాళ్ళు మధ్యవర్తి చేత ఆరా తీయించారు, అప్పులు ఎంతున్నాయని. ఆ వీడియో తీసిన పిల్లాడికి ఇవేవీ తెలియవు. వాడికి ఇంకో ఊళ్ళో ఇంకో రోలు దొరికుంటుంది.

రెండో రౌండు ఇంకా మేలు. ఈసారి కరువు కాదు, 'సీమ బిడ్డ'. మా జిల్లాలకు టీవీలో ఉండేవి రెండే వేషాలు, కరువూ కత్తీ. తొడ కొట్టి ఒక డైలాగు చెప్పి పాట మొదలుపెట్టమన్నారు. ఆ పిల్లకు నవ్వాగలేదు. ఏడు టేకులైనాయంట. పొద్దున ఏడింటికి మేకప్ వేసి, తొడ కొట్టించి, రాత్రి పన్నెండు దాటాక పాట పాడించారు. గొంతులో ఏం మిగిలుంటుంది? మంచినీళ్ళు అడిగితే మేకప్ చెరిగిపోతుందని స్ట్రా ఇచ్చారంట. మా సీమ యాసనే కదా వెక్కిరించేది! అన్నమయ్య ఊరు తాళ్ళపాక ఎక్కడుంది మరి? రాజంపేట పక్కన. ఆయన అమీర్‌పేటలో పుట్టలేదు.

సరే, ఇవన్నీ ఓర్చుకుందాం. టీవీ అన్నాక మసాలా ఉంటుంది. నా అసలు కడుపుమంట వేరే.

ఆ పిల్ల ఆ పాటలో తప్పు పాడింది.

అవును, మా పిల్లే, నేను నేర్పిన పిల్లే, తప్పు పాడింది. చరణం మూడో లైన్లో పై షడ్జం ('స') దాటి గాంధారం ('గ') అందుకోవాలి. అక్కడ శ్రుతి తగ్గింది. కొంచెమే. కానీ తగ్గింది. దానికి తోడు ఆ లైను మధ్యలో ఊపిరి తీసుకుంటే ఒక మాట రెండు ముక్కలైంది, అర్థం పోయింది. కారణం కూడా చిన్నదే. ఒరిజినల్ శ్రుతిలోనే పాడాలన్నారు, ఆ పిల్ల గొంతుకు అర శ్రుతి దించితే హాయిగా సరిపోయేది. ముగ్గురు జడ్జీలు కూర్చుని ఉన్నారు. ముగ్గురిలో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట చెప్పలేదు. ఒకరికి రోమాలు నిక్కబొడుచుకున్నాయంట. ఒకరు స్టేజీ మీదికొచ్చి కావలించుకున్నారు. ఇంకొకరు మీ నాన్నగారి కాళ్ళు మొక్కాలనుంది అన్నారు. గాంధారం సంగతి గాలికి పోయింది. నాలుగో ఎపిసోడ్‌కు ఎలిమినేట్. ఎందుకో చెప్పలేదు. "నీ ప్రయాణం మాకందరికీ స్ఫూర్తి" అని ఒక జ్ఞాపిక చేతిలో పెట్టి బస్సెక్కించారు.

ఇక్కడే నాకు బాలు గారు గుర్తొస్తారు. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు మా ఇంట్లో టీవీ లేదు, ఎదురింటి అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళం. పాడే పిల్లలు సినిమా పేరు, పాట రాసినవారు, సంగీతం చేసినవారు, అన్నీ చెప్పాలి. పాడాక ఆయన ముందు మెచ్చుకునేవారు, తర్వాత అసలు సంగతికొచ్చేవారు. ఇక్కడ 'శ' పలకలేదు, అక్కడ 'ళ' 'ల' అయింది, ఈ సంగతి ఇట్లా కాదు ఇట్లా అని తానే పాడి వినిపించేవారు. పిల్లల మొహం చిన్నబోయేది, మరుసటి వారం అదే పిల్ల సరిచేసుకుని వచ్చేది. చూసేవాళ్ళం కూడా నేర్చుకున్నాం. నాకు స, శ, ష తేడా బళ్ళో పంతులు కంటే ఆయనే ఎక్కువ నేర్పారు. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్, వీళ్ళంతా ఆ వేదిక మీద నిలబడి వచ్చినవాళ్ళే. వాళ్ళ ఇంట్లో మిక్సీ ఉందో రోలుందో మాకెవరికీ తెలియదు.

ఆయనకూ మా ఊరికీ చిన్న చుట్టరికం ఉంది లెండి. ఇంజినీరింగ్ చదవడానికి మా అనంతపురం కాలేజీలోనే చేరారు, ఇప్పటి జేఎన్‌టీయూ. టైఫాయిడ్ రావడంతో ఇక్కడి చదువు మధ్యలో ఆపి, మద్రాసులో వేరే కోర్సులో చేరారు. ఆ కాలేజీ గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా మా తబలా అన్న అంటాడు, "ఆ జ్వరానికి దండం పెట్టాలప్పా" అని. 2020 సెప్టెంబర్ 25న ఆయన పోయినప్పుడు కరోనా దెబ్బకు మాకు ఆరు నెలలుగా ఒక్క ప్రోగ్రామూ లేదు. ఆ రాత్రి కీబోర్డు మీద కప్పిన గుడ్డ తీశాను గానీ వాయించబుద్ధి కాలేదు, మళ్ళీ కప్పేశాను.

ఇదేదో మన తెలుగు చానళ్ళకే పట్టిన జబ్బు అనుకుంటే పొరపాటు. 2021లో ఇండియన్ ఐడల్ 12వ సీజన్ గుర్తుందా? మన విశాఖ అమ్మాయి షణ్ముఖప్రియ చివరి ఆరుగురిలో ఉన్న సీజన్. కిషోర్ కుమార్ పాటలతో ఒక ఎపిసోడ్ చేసి, ఆయన కొడుకు అమిత్ కుమార్‌ను అతిథిగా పిలిచారు. ఆయన ఇంటికి పోయాక తీరిగ్గా అసలు మాట చెప్పాడు: ఎపిసోడ్ తనకు నచ్చలేదు, అందరినీ పొగడమని తనకు ముందే చెప్పారు అని. దేశమంతా గోల. పాపం, తిట్లన్నీ పాడిన పిల్లలకు పడ్డాయి, మన షణ్ముఖప్రియనైతే సోషల్ మీడియాలో పీక్కుతిన్నారు. పొగడమన్నవాళ్ళు మాత్రం చల్లగా ఉన్నారు. ఆగస్టు 15న పన్నెండు గంటల పాటు ఫైనల్ నడిపి, పవన్‌దీప్ రాజన్‌కు కప్పిచ్చి పంపించారు. ఆ పన్నెండు గంటల్లో పాట ఎంతసేపో లెక్కేయడానికి నా ఫోన్లో అంత ఛార్జింగ్ లేదు.

"మరి నువ్వెందుకు చూస్తావు?" అని మా ఆవిడ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. 2006లో ఇదే ఇండియన్ ఐడల్లో కారుణ్య ఫైనల్‌కు వెళ్ళినప్పుడు రీఛార్జి చేయించిన బ్యాలెన్సంతా ఎస్సెమ్మెస్‌లకే తగలేశాను. రెండో స్థానం వస్తే రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు స్వీట్లు పంచాను. వాళ్ళు నిజంగా బాగా పాడారు, అది వేరే సంగతి. కానీ ఆ పొద్దు నేను ఓటేసింది గొంతుకా, తెలుగోడనా అంటే, గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. మనం ఊరిని చూసి, కులాన్ని చూసి, కన్నీళ్ళను చూసి వేస్తున్నప్పుడు వాళ్ళు రోళ్ళు వెతక్క ఏం చేస్తారు?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. టీవీలో కనబడ్డాక ఆ పిల్లకు రేటు పెరిగింది. 'టీవీ ఫేం' అని ఫ్లెక్సీ వేస్తే మాకూ రెండు ప్రోగ్రాములు ఎక్కువ వస్తున్నాయి. తిడుతూనే ఆ ఫ్లెక్సీకి డబ్బులు కట్టింది నేనే.

తిరిగొచ్చాక నెల రోజులు ఆ పిల్ల పాడలేదు. గొంతు బాగాలేదనేది. ఒక సాయంత్రం హార్మోనియం పట్టుకుని నేనే వాళ్ళింటికి పోయాను. మిద్దె మీద కూర్చున్నాం. ఫోన్లో ఆ పాట పెట్టి, మూడో లైను దగ్గర ఆపి, హార్మోనియం మీద గాంధారం నొక్కి పట్టుకున్నాను. ఏమీ చెప్పలేదు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నొక్కాను. మూడోసారికి తనే తలెత్తింది.

"అన్నా, ఈడ తగ్గినా కదా?"

"తగ్గినావు."

"మరి అంతమంది ఉండారు కదన్నా. ఒక్కరూ చెప్పలేదే!"

నా దగ్గర జవాబు లేదు. అర శ్రుతి దించి మళ్ళీ పాడించాను. ఊపిరి మాటకు ముందు తీసుకోమన్నాను. ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడు ఆ గాంధారం గోడకు మేకు కొట్టినట్టు నిలబడుతుంది.

వచ్చే గురువారం ధర్మవరంలో రిసెప్షన్ ఉంది. అదే పాట పెట్టాను, రెండు చరణాలూ పాడుతుంది. వాళ్ళ నాయన కూడా వస్తానన్నాడు, చీనీకాయల లారీ ఆ పొద్దే లోడుకు రాకపోతే.