ఇంజన్ కంటే ముందు తుప్పు చూడాలి
బాగుచేసుకోవడానికి పాత మస్టాంగ్ కారు కొనేవారు మొదట ఇంజన్‌ను పరీక్షించాలన్న ఒక వ్యాసకర్త సూచనతో ఏకీభవించలేను. 1965, 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌కు విడిగా ఛాసిస్ (బాడీని మోసే ఉక్కు చట్రం) ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది కనుక, తుప్పు తిన్న ఫ్లోర్‌ను, ఫ్రేమ్ రెయిళ్లను (బాడీ అడుగున పొడవునా ఉండే ఉక్కు దూలాలు), వాటిని బాడీ అంచులకు కలిపే టార్క్ బాక్సులను సరిచేయించడం ఇంజన్ విప్పి బిగించడం కంటే పెద్ద పని. విండ్‌షీల్డ్ కింద గాలి లోపలికి వెళ్లే జాలీలో చెంబెడు నీళ్లు పోసి, అవి తుప్పు రంధ్రాల గుండా లోపల కాళ్ల దగ్గర కారుతున్నాయేమో చూడటం తప్పనిసరి, అమ్మేవారు ముఖం చిట్లించినా సరే. పెయింట్ కింద తుప్పును కప్పిపుచ్చే పుట్టీ సంగతి చిన్న అయస్కాంతం చెబుతుంది, పుట్టీకి అది అంటుకోదు. వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) అని అమ్మజూపే కారు వీఐఎన్‌లో (ఫ్యాక్టరీ వేసిన గుర్తింపు సంఖ్య) అయిదో స్థానంలో ‘టీ’ ఉంటే, అది ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చినదే. ఆరు సిలిండర్ల కారుకు ఉన్నట్టు చక్రానికి నాలుగే బోల్టులు కనిపిస్తే, ఇంజన్‌ను వీ8కి మార్చినవారు బ్రేకులను, సస్పెన్షన్‌ను అలాగే వదిలేశారని అనుమానించాలి.