గల్ఫ్ గోడు వినే కుర్చీకి గడువేదీ?

విదేశాంగ కార్యదర్శి మారతారంటే చాలు, ఢిల్లీలో నెలల ముందే గుసగుసలు మొదలవుతాయి. ఆయనది ఏ బ్యాచ్, ఎవరికి దగ్గర, చైనాలో పనిచేశారా అమెరికాలో పనిచేశారా అంటూ ఒకటే చర్చ. ఆ కుర్చీ చిన్నదేం కాదు, ఒప్పుకుంటాం. కానీ జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో దుబాయ్ వెళ్లిన మనిషి కష్టంలో పడితే ఆ ఫైలు చేరేది ఆ కుర్చీ దగ్గరికి కాదు. అది చేరే చోటు గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే మేం మాట్లాడుతున్నాం.

విదేశాంగ శాఖలో నిచ్చెన అండర్ సెక్రటరీతో మొదలై డిప్యూటీ సెక్రటరీ, డైరెక్టర్, జాయింట్ సెక్రటరీ, అదనపు కార్యదర్శి మీదుగా కార్యదర్శి దాకా వెళ్తుంది. రోజువారీ పని చాలావరకు నడిచేది జాయింట్ సెక్రటరీ దగ్గరే. ఫలానా దేశాల గుంపు నీది అని ఒక్కో డివిజన్ అప్పజెబుతారు. ఇక పైన ఉండే కార్యదర్శి ఒక్కరు కాదు. విదేశాంగ కార్యదర్శి అందరికీ పెద్ద అయితే తూర్పు దేశాలకు ఒకరు, పడమటి దేశాలకు ఒకరు, ఆర్థిక సంబంధాలకు ఒకరు ఉంటారు. వీళ్లతో పాటు పాస్‌పోర్టులు, వీసాలు, కాన్సులర్ సేవలు, ప్రవాస భారతీయుల వ్యవహారాలు అన్నీ కలిపి చూసే కార్యదర్శి మరొకరు. మన ఊళ్లకు కావాల్సింది ఈయనే.

పెద్ద కుర్చీకి రెండేళ్ల గడువుంది, రిటైర్మెంట్ వయసు దాటినా కొనసాగొచ్చు. విక్రమ్ మిస్రీ 2024 నవంబరులో దిగిపోవాల్సి ఉండగా 2026 జులై దాకా పొడిగించారు. ఆ గడువైనా రాతి మీద గీత కాదనుకోండి, 2015 జనవరిలో సుజాతా సింగ్‌ను నెలల ముందే పంపించి, మరో రెండ్రోజుల్లో రిటైర్ కావాల్సిన జైశంకర్‌ను కూర్చోబెట్టారు. అంతకుముందు 1987లో అయితే కొత్త విదేశాంగ కార్యదర్శి వస్తున్నారని రాజీవ్ గాంధీ విలేకరుల ముందే చెప్పేశారు, అప్పటికి ఆ పదవిలో ఉన్న ఏ.పి. వెంకటేశ్వరన్ రాజీనామా చేసి వెళ్లిపోయారు. అలాంటివి జరిగినప్పుడు దేశమంతా గొడవైంది. అంటే అక్కడ ఎవరున్నారో, ఎందుకు మార్చారో అడిగేవాళ్లున్నారు.

ప్రవాస వ్యవహారాల కార్యదర్శి మారితే అడిగే నాథుడు లేడు. 2020 నుంచి 2024 లోపు ఆ కుర్చీలో కనీసం నలుగురు కూర్చున్నారు. వాళ్లలో సౌదీలో రాయబారిగా పనిచేసి వచ్చిన హైదరాబాదీ ఔసాఫ్ సయీద్ కూడా ఉన్నారు, గల్ఫ్ సంగతులు అరచేతి గీతల్లా తెలిసిన మనిషి. ఆయనకూ నిండా రెండేళ్లు దక్కలేదు. అరవై నిండితే ఇంటికి వెళ్లాల్సిందే, అప్పుడు వరసలో ఉన్న ఇంకొకరు వస్తారు, ఫైళ్లు అర్థం చేసుకునేలోపు ఆయన టైమూ అయిపోతుంది. 2016 జనవరి దాకా ప్రవాసులకు ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖే ఉండేది. దాన్ని విదేశాంగ శాఖలో కలిపేటప్పుడు పని సులువవుతుందన్నారు. సులువు ఎవరికైందో మాకైతే అర్థం కాలేదు.

కార్యదర్శి మారితే ఏమైంది, కింద వ్యవస్థ నడుస్తూనే ఉంటుంది కదా అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. 2020 సెప్టెంబరులో, కరోనా మధ్యలో, గల్ఫ్ దేశాల్లో మన కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతనాల అంచనాను కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించేసింది. ఉద్యోగాలు పోకుండా చూడటానికే ఈ పని చేశామన్నారు. ఆ సంఖ్యే బేరానికి కింది గీత, దాన్ని మనవాళ్లే చెరిపితే యజమాని ఎందుకు ఎక్కువిస్తాడు? తెలంగాణలో గల్ఫ్ కార్మికుల తరఫున పనిచేసేవాళ్లు హైకోర్టుకెక్కాక, 2021లో పాత అంకెలే తిరిగొచ్చాయి. ఆ మధ్యలో తక్కువ జీతానికి సంతకం పెట్టి విమానమెక్కినవాళ్లకు ఎవరు జవాబు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

చట్టం సంగతీ అంతే. ఇప్పటికీ మన వలస కార్మికుడికి దిక్కు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దాన్ని మార్చడానికి 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకొకటి, 2025లో మరొకటి వచ్చాయి. ముసాయిదా రాయించిన అధికారి ఒకరు, అభ్యంతరాలు వినే అధికారి ఇంకొకరు, పార్లమెంటు దాకా తీసుకెళ్లాల్సిన అధికారి వేరొకరు అయితే అది కదిలేదెప్పుడు? లైసెన్సు లేని ఏజెంట్లకు ఇంతకంటే కలిసొచ్చే కాలం ఉంటుందా? గల్ఫ్ దేశాల కార్మిక శాఖలతో మాట్లాడటం కూడా మొహం పరిచయంతో నడిచే పని, ఏడాదికో కొత్త మొహం వస్తే అవతలివాళ్లు టీ ఇచ్చి పంపేస్తారు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. విదేశాంగ కార్యదర్శికి ఇచ్చినట్టే ప్రవాస వ్యవహారాల కార్యదర్శికీ కనీసం రెండేళ్ల గడువు ఇవ్వాలి. రిటైర్మెంట్‌కు ఆరేడు నెలలున్నవాళ్లను అక్కడ కూర్చోబెట్టడం మానాలి, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలి. మృతదేహం ఇంటికి చేరడానికి ఏ దేశం నుంచి సగటున ఎన్ని రోజులు పడుతోందో ఏటా ఆ కార్యదర్శి పేరు మీదే లెక్క బయటపెట్టాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పాస్‌పోర్టు ఆఫీసు మా ఊళ్లో పెట్టండి అని అడగడంలో ముందుంటారు. వచ్చే సమావేశాల్లో ఈ గడువు గురించి ఒక ప్రశ్న వేయమనండి, ఎంతమంది వేస్తారో చూద్దాం.