జీపువాడిది తప్పేనా?

మొన్న ఇచ్ఛాపురం నుంచి బరంపురం వస్తుంటే గిరిసోల దాటాక రోడ్డు పని జరుగుతోంది. కుడి లేన్ మూసేశారు. మూసిన చోటు ఇంకా అర కిలోమీటరు ఉండగానే అందరం బుద్ధిగా ఎడమకు వచ్చి బారులు తీరాం. ఖాళీగా ఉన్న కుడి లేన్‌లోంచి ఒక జీపు దర్జాగా ముందుకు పోయింది. మా ముందున్న లారీ డ్రైవరు బండిని సగం కుడికి తిప్పి దానికి అడ్డం పెట్టేశాడు. తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని తిట్లు. మా కారులో అందరిదీ లారీ పక్షమే.

నా లెక్కలో మాత్రం జీపువాడు చేసిందే సరైన పని. బళ్లు పాకుతున్నప్పుడు రెండు లేన్లూ చివరిదాకా నిండాలి. మూసిన చోట ఈ వరుసలోది ఒకటి, ఆ వరుసలోది ఒకటి జిప్పు పళ్లలా కలవాలి. జర్మనీలో ఇది చట్టంలోనే ఉంది. ఇలా కలిస్తే బారు పొడవు తగ్గి, వెనక జంక్షన్ దాకా పాకదు.

రోడ్డు వేగంగా సాగుతుంటే సంగతి వేరు. సందు ముందే చూసుకుని, ఇండికేటర్ వేసి, పక్క లేన్ వేగం అందుకున్నాకే మారాలి. ఆఖర్లో దూరితే వెనకవాడు బ్రేకు తొక్కుతాడు, వాడి వెనకవాడు ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు. 2008లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో 230 మీటర్ల గుండ్రటి ట్రాకు మీద 22 కార్లు నడిపించారు. అడ్డంకి ఏమీ లేదు, వేగం గంటకు 30 కిలోమీటర్లే. అయినా కాసేపటికి జామ్ పుట్టి, బారు వెంట వెనక్కి జరుగుతూ పోయింది.

లారీలు కుడి లేన్ వదలవని మన గోల. ఓసారి ఈ 16వ నంబరు హైవే మీద ఎడమ లేన్ పట్టుకుని వెళ్లి చూడండి. పంక్చరై ఆగిన ట్రాలీ, ఎదురొచ్చే బైకు, సర్వీస్ రోడ్డు నుంచి ఊడిపడే ఆటో. ఆ ఆటోకైనా వేగం పుంజుకునేంత జాగా ఎక్కడుంది? నిండు లోడుతో మాటిమాటికీ ఆగి కదలడం కంటే డ్రైవరుకు కుడి పక్కే నయం. దాంతో మనం ఎడమ నుంచి దాటుతాం. అది అతనికి కనబడని వైపు. ఒకప్పుడు క్లీనర్ తల బయటపెట్టి చెప్పేవాడు, ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరే లేడు. ఇక కుడి ఇండికేటర్ వెలిగితే తిరుగుతున్నాడో, ‘నువ్వు పో’ అంటున్నాడో ఊహించుకోవాల్సిందే.

ఆ రోజు బోర్డు మీద బాణం గుర్తు తప్ప ఏమీ లేదు. ఎక్కడ కలవాలో, ఎవరి తర్వాత ఎవరో తెలుగులోనూ లేదు, ఒడియాలోనూ లేదు. చివరికి జీపుకి దారిచ్చింది లారీ వెనకున్న మేమే, అదీ మావాళ్ల గొణుగుడు మధ్య.