నీలానికి న్యాయం జరగాలి

మనిషి కన్నంత పక్షపాతి ఇంకొకటి లేదు. కంప్యూటర్ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ నిండుగా వెలిగించండి, తెలుపు వస్తుంది. ఆ తెలుపు వెలుగులో ఎవరి వాటా ఎంత అని లెక్క తీస్తే ఆకుపచ్చకు 71 శాతం పైమాటే, ఎరుపుకు 21, నీలానికి ముష్టి 7. ఇది నా అక్కసు కాదు. 0.2126, 0.7152, 0.0722 అని తెరల ప్రమాణాల్లోనే రాసిపెట్టుకున్నారు. పచ్చగా ఉన్నవాడికే ఇంకా పోసే ఈ పంపకం ఎక్కడో చూసినట్టుంది కదా? 1937లో మద్రాసు శ్రీబాగ్ భవనంలో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని మన వాటా నీళ్ల గురించి రాసుకున్న ఒడంబడిక ఏమైందో తెలిసిన సీమవాసికి నీలం గోడు ఇంకొకరు విప్పి చెప్పాల్సిన పని లేదు.

ముందే ఒక మనవి. ఈ వ్యాసంలో పసుపు, నీలం, ఆకుపచ్చ అంటే రంగులే. కడపలో కాపురముంటూ ఈ ముక్క చేర్చకుండా రంగుల మీద రాయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పారు.

ఈ అన్యాయాన్ని లెక్కల్లో అయినా సరిదిద్దిన పుణ్యాత్ముడు ఒకాయన ఉన్నాడు. ఆల్వీ రే స్మిత్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త 1978లో రంగును అంకెల్లో చెప్పే హెచ్‌ఎస్‌వీ పద్ధతిని ప్రకటించాడు. హ్యూ అంటే ఏ రంగో, శాచురేషన్ అంటే ఎంత చిక్కనో, వాల్యూ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడింటిలో ఏది పెద్దదో అది. అంతే, కన్నుతో సంప్రదింపులు లేవు. దీని ప్రకారం నిండు పసుపుకు వాల్యూ 100, నిండు నీలానికి 100, తెల్ల కాగితానికీ 100. ఇంతకన్నా సమసమాజం ఎవరు తెచ్చారు? అదే ఏడాది వచ్చిన హెచ్‌ఎస్‌ఎల్ కాస్త మెతక. పెద్ద అంకెనూ చిన్న అంకెనూ కూడి సగం చేసి దానికి లైట్‌నెస్ అని పేరు పెట్టింది. అక్కడ పసుపుకూ నీలానికీ చెరో 50 ఇచ్చి, తెలుపును మాత్రం 100 దగ్గర కూర్చోబెట్టింది.

కన్ను తరఫు వకీళ్లూ ఉన్నారు. 1976లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం ల్యాబ్ అనే కొలత తెచ్చి, మనిషికి కనిపించే వెలుగే లైట్‌నెస్ అంది. ఆ లెక్కలో నూటికి పసుపు 97, ఆకుపచ్చ 88, ఎరుపు 53, నీలం 32. రెండు రంగుల మధ్య ఈ అంకెల్లో 50 తేడా ఉంటే అక్షరాలు హాయిగా చదవొచ్చనీ, రంగు పేరు తర్వాత, ముందు ఈ తేడా చూసుకోమనీ వీళ్ల వాదన. ఫోటోషాప్‌లో రంగు ఎంచుకునే కిటికీలోనే ఎల్ అని ఈ గడి ఉంటుంది. ఉచితంగా దొరికే గింప్‌లో కూడా 2018 నాటి 2.10 నుంచి ఎల్‌సీహెచ్ పేరుతో ఉంది. మన ఫ్లెక్సీ షాపుల్లో ఆ గడిని ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదని సగర్వంగా చెప్పగలను.

ముట్టుకోబోయినవాడు ఒకడున్నాడు. ఏదో ఒక అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ తయారవుతోంది. ముదురాకుపచ్చ మీద నిండెరుపు అక్షరాలు.

"అన్నా, ఇది దూరానికి కనపడదన్నా," అన్నాడు డిజైన్ చేసే పిల్లోడు.

"ఎరుపు కనపడదా? ఎరుపు కనపడకపోతే రైళ్లు యాడ ఆగుతాయబ్బీ?"

పిల్లోడు బొమ్మను గ్రేస్కేల్‌లోకి మార్చి చూపించాడు. 0 నుంచి 255 దాకా ఉండే బూడిద మెట్లలో ఎరుపు 76, ఆకుపచ్చ 75. రెండూ కలిసి ఒకే బూడిద. అన్న పేరు మాయం.

"పేరు యాడికి పాయె?"

"ఆన్నే ఉందన్నా, కనపడదు."

"బ్లాక్ అండ్ వైట్ ఎందుకు చూపిస్తావు? మేం కలర్‌కు గదా డబ్బులిచ్చేది!"

ఈ తర్కానికి ఏ ప్రకాశ సంఘం దగ్గరా జవాబు లేదు. పిల్లోడికి నా సలహా ఒకటే: ఇకమీదట గ్రేస్కేల్ జోలికి పోకుండా, ఫోటోషాప్‌లోనే ఉన్న, రంగు పీకేసే డీశాచురేట్ నొక్కు. అది హెచ్‌ఎస్‌ఎల్ బాపతు. నిండెరుపు, నిండు పసుపు, నిండు నీలం మూడింటినీ ఒకే బూడిద చేసి వదిలేస్తుంది. తేడాలే లేనప్పుడు తగాదా ఏముంటుంది?

అక్షరాలది ఒక ఎత్తు, ముఖాలది ఒక ఎత్తు. మేలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పుట్టి, ఎండలో తిరిగి, ఓట్లడిగిన మనిషి ఫ్లెక్సీలోకి ఎక్కేసరికి పాలలో ముంచి తీసినట్టు ఉండాలి. "ఇంకొంచెం తెలుపు" అన్న ప్రతిసారీ బ్రైట్‌నెస్ జరుగుతుంది. ముక్కు ముక్కులా కనిపించేది దాని పక్కన పడే నీడ వల్లేనని బొమ్మలేసేవాళ్లు అంటారు. మొదటి "ఇంకొంచెం"తో ఆ నీడ పోతుంది, రెండోదానితో ముక్కు, మూడోదానితో దవడలు. చివరికి రెండు కళ్లు, ఒక మీసం, బొట్టు మిగులుతాయి. వాటి మధ్య ముఖం ఉందని మనం నమ్మాలి. పెద్ద నాయకుడికి ఎడమ నుంచి వెలుగు, పక్కాయనకు కుడి నుంచి, కింద వరుసలోని ఇరవైమందికి ఎవరి సెల్‌ఫోన్ ఫ్లాష్ వారిది. కడపకు ఒక సూర్యుడు చాలడని ఎవరు తేల్చారో కాని, అది అమల్లో ఉంది.

ఏడురోడ్ల కూడలి దగ్గర తలెత్తి నడిచేవాడికి ఇవన్నీ దర్శనమవుతాయి. తల దించుకు సందుల్లో నడిస్తే మాత్రం వెనకబాటుతనం కంటపడుతుంది. గడపల ముందు కడప బండ, నల్లగా. దాని మీద తెల్లటి ముగ్గు. ఎవరూ రంగుల చక్రం తిప్పలేదు. సంక్రాంతికి ఆడవాళ్లు ఎన్ని రంగులు నింపినా చుట్టూ గీత తెల్లదే వేస్తారు. వీధి మలుపు నుంచే ముగ్గు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంత చాదస్తం ఉన్న వీధుల్లో ఆధునిక డిజైన్ ఎప్పటికి నిలదొక్కుకుంటుందో!

తెల్లటి నేల మీద పసుపు అక్షరాల ప్రయోగాన్ని కూడా ఇక్కడే మెచ్చుకోవాలి. వెబ్ పేజీల ప్రమాణాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5 కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు నిష్పత్తి, అడుగుతాయి. మనం 1.07తో సరిపెట్టేశాం. 1 అంటే అక్షరమే లేనట్టు, అక్కడికి మనం వెంట్రుకవాసి దూరంలో ఆగాం. పొదుపు అంటే అదీ. శుభాకాంక్షలు చెప్పినవారి పేర్లు ఎవరూ చదవలేరు కాబట్టి, పేరు రాలేదని ఎవరూ అలగరు కూడా.

ఇంతకీ నీలం సంగతి. షాపులో తెర మీద వెలిగిన నీలం అచ్చులోకి దిగేసరికి సిరాల శక్తి చాలక ఊదాగా నలుగుతుంది. అక్కడా నష్టపోయింది అదే. కానీ ఫ్లెక్సీ కట్టాక ఎండ పని మొదలవుతుంది. నాసిరకం సిరాల్లో ముందుగా ఎగిరిపోయేవి పసుపు, మెజెంటా అనే ముదురు గులాబీ. సయాన్ అనే లేత నీలం మొండిది, నలుపు ఇంకా మొండిది. ఒక వేసవి గడిచేసరికి అన్న, అన్న మెడలో దండ, చేతిలో కేకు, వెనకాల సింహం అన్నీ నీలంగా మారతాయి. ఏ ఒడంబడికా లేకుండా, ఏ కమిషనూ వేయకుండా నీలానికి నూటికి నూరు వాటా దక్కుతుంది.

ఇది కూడా రంగు గురించే చెబుతున్నాను. ఇంట్లోవాళ్లు గమనించాలి.