రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడమే ఉద్యోగమా?

తిరుపతి, చిత్తూరు ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. నెట్‌వర్క్ ఇంజనీర్ అంటే వైర్లు గుచ్చేవాడనీ, నెట్ పోతే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేసి మిగిలిన రోజంతా ఖాళీగా కూర్చుంటాడనీ, అంతా క్లౌడ్‌లోకి వెళ్లిపోతున్నందున ఇక ఆ పని కూడా ఉండదనీ, కనుక సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ కోసం డబ్బు తగలేయవద్దనీ దాని సారాంశం. తిరుపతిలో ఒక విద్యాసంస్థ నెట్‌వర్క్‌ను ఏళ్ల తరబడి చూసుకుంటున్నవాడిగా ఈ మాటలకు వరుసగా సమాధానం చెప్పదలచుకున్నాను.

ఆఫ్ చేసి ఆన్ చేసే చిట్కా ఇంటి రౌటర్‌కు పనిచేస్తుంది, కాదనను. వందల మంది ఆధారపడిన స్విచ్ (కేబుళ్లతో కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె) విషయంలో మాత్రం అది చాలాసార్లు సాక్ష్యాన్ని చెరిపివేయడమే అవుతుంది, ఎందుకంటే లోపం ఎక్కడ మొదలైందో చెప్పే లాగ్‌లు, అంటే పరికరం రాసుకునే చిట్టాలు, మెమరీలోనే ఉంటే కరెంటుతోపాటే పోతాయి. ఒకనాటి సాయంత్రం మా హాస్టల్లో అన్ని గదుల్లోనూ ఒక్కసారిగా నెట్ ఆగిపోయింది. నేను చేరేలోపు స్విచ్‌ను మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశారట. ప్రతిసారీ కాసేపు పనిచేసి మళ్లీ స్తంభించింది. వెతికితే తేలిందేమిటంటే, వేలాడుతున్న కేబుల్ కొసను చూసి ఎవరో మంచి ఉద్దేశంతోనే ఆ స్విచ్‌కే వెళ్లే గోడలోని ఖాళీ పోర్టులో గుచ్చారు. ఆ కేబుల్ రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. ఇంటర్నెట్‌లో డేటాను మోసే ఐపీ ప్యాకెట్‌కు ఇన్ని మజిలీలు దాటాక ఆగిపోవాలనే లెక్క ఉంటుంది గానీ స్విచ్‌ల మధ్య దాన్ని చేరవేసే ఈథర్‌నెట్ ఫ్రేముకు అటువంటిది లేదు, కాబట్టి అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు ఆ వలయంలో పడితే తిరుగుతూనే ఉండి, పేరుకుపోయి, స్విచ్‌కు ఊపిరాడనివ్వవు. ఇటువంటి వలయాలను తెంచే స్పానింగ్ ట్రీ పద్ధతిని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ 1985లోనే రూపొందించారు; మా హాస్టల్‌కు కొన్న చవక స్విచ్‌లో అది లేకపోవడం వేరే కథ.

ఇక ఖాళీగా కూర్చోవడం. పగలు చూసేవారికి అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే మార్పులన్నీ వాడుక తగ్గిన రాత్రివేళ జరుగుతాయి. పగలంతా ఆ మార్పుకు బొమ్మ గీసుకోవడం, పాత కాన్ఫిగరేషన్‌ను (పరికరంలోని అమరికలను) దాచుకోవడం, వికటిస్తే వెనక్కి వచ్చే దారి రాసుకోవడంతో సరిపోతుంది. ఒకే తీగ మీద పలు వీల్యాన్లను (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేర్వేరు నెట్‌వర్క్‌లను) మోసే ట్రంక్ పోర్టులో కొత్త వీల్యాన్ చేర్చేటప్పుడు ‘యాడ్’ అనే ఒక్క మాట మరిస్తే, అప్పటిదాకా అనుమతించిన జాబితా మొత్తం పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. అందుకే దూరంగా ఉన్న సిస్కో రౌటర్‌ను ముట్టుకునే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టి ఉంచడం మాలో చాలామందికి అలవాటు. పొరపాటు జరిగి రౌటర్ చేయిజారినా 10 నిమిషాలకు అది తనంతట తానే సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ఆ ఆదేశాన్ని రద్దు చేస్తాం. ఆఫ్ చేసి ఆన్ చేయడమన్నది మేమూ వాడతాం, కాకపోతే ఇలా ముందే లెక్కగట్టి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు 6 గంటలు ఆగిపోవడానికి కారణం నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం. దాన్ని ఆపవలసిన తనిఖీ సాధనంలోనే లోపం ఉండటంతో ఆ సంస్థ డేటా సెంటర్లను కలిపే వెన్నెముక మొత్తం తెగిపోయింది.

సందేశం రాసినవారు అసలు తలవని పని ఇంకొకటి ఉంది: లోపం నెట్‌వర్క్‌ది కాదని నిరూపించడం. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన వేళ పేజీ తిరుగుతూ ఉంటే మా ఊళ్లో అందరూ తిట్టేది నెట్‌నే. వెబ్‌సైట్ పేరు ఐపీ అడ్రసుగా మారుతోందా, ప్యాకెట్లు నష్టపోకుండా వెళ్తున్నాయా, కనెక్షన్ వెంటనే ఏర్పడి జవాబు మాత్రమే ఆలస్యమవుతోందా అని వరుసగా చూస్తే, ఆ రద్దీలో నిరీక్షణ ఎక్కువగా అవతలి కొసనే ఉంటుంది. ఘాట్ రోడ్డు ఖాళీగా ఉన్నంత మాత్రాన వైకుంఠం కాంప్లెక్స్‌లో కూర్చోవడం తప్పదు కదా.

క్లౌడ్ మాట సులువుగా తేలిపోతుంది. సర్వర్ ముంబైలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా అక్కడికి చేరే దారి మన భవనంలోనే మొదలవుతుంది, క్లౌడ్‌లోనూ సబ్‌నెట్లను (నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలను), రూట్ టేబుళ్లను (ప్యాకెట్లు వెళ్లే దారుల పట్టికలను), ఫైర్‌వాల్ నియమాలను ఎవరో ఒకరు రాయక తప్పదు. 2021 డిసెంబరు 7న అమెజాన్ క్లౌడ్ అమెరికా తూర్పు ప్రాంతంలో గంటల తరబడి తడబడింది తన అంతర్గత నెట్‌వర్క్ పరికరాలు రద్దీకి తట్టుకోలేకపోవడం వల్లనే.

సీసీఎన్‌ఏ విషయంలో మాత్రం ఆ సందేశంతో సగం ఏకీభవిస్తాను. డంపులు (పాత పరీక్షల ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్‌కు పెట్టిన డబ్బు నిజంగానే దండగ. చిన్న సంస్థల్లో ఈ ఉద్యోగికి ప్రింటర్లూ, సీసీ కెమెరాలూ, ప్రొజెక్టర్లూ అంటగట్టడమూ వాస్తవమే. కానీ 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరీక్షలో ఆటోమేషన్ (పనులను ప్రోగ్రాముల చేత చేయించడం) కూడా ఒక భాగమైంది, కాబట్టి చేతితో సాధన చేస్తూ, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ చదివినవారికి అది వృథా కాదు. మా దగ్గరికి ఇంటర్వ్యూకు వచ్చేవారిని ‘పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తోందో చూసే పరీక్ష) వెళ్తోంది, ఒక్క వెబ్‌సైట్ మాత్రం తెరుచుకోవడం లేదు, ముందు ఏం చూస్తావు?’ అని అడుగుతాను. డీఎన్ఎస్ (పేరును ఐపీ అడ్రసుగా మార్చే వ్యవస్థ) చూస్తానన్నవారితో సంభాషణ గంటసేపు సాగిన సందర్భాలున్నాయి. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాను సార్ అన్నవారూ తక్కువేమీ లేరు.