మ్యాచింగ్ డబ్బు మనం పెడదాం, అప్లికేషన్ మనం రాద్దాం

అమెరికాలోని మన తెలుగు సంఘం వచ్చే ఏడాది బడ్జెట్ గురించి మాట్లాడుకునే సమయం వచ్చింది. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఖర్చులు ఎలాగూ ఉంటాయి, ఉండాలి కూడా. సేవా కార్యక్రమాల పద్దు గురించే నేను గట్టిగా ఒక మాట చెప్పదలచుకున్నాను. అందులో కొంత భాగం మనం ఉంటున్న ఊళ్ల ఫైర్ కంపెనీలకు (మంటలార్పే స్థానిక దళాలకు), అంబులెన్స్ స్క్వాడ్‌లకు, పక్క ఊళ్ల పబ్లిక్ స్కూళ్లలో టెక్నాలజీ చదువుకు కేటాయించాలి. చెక్కు చేతిలో పెట్టి ఫొటో దిగి వచ్చేస్తే సరిపోదు. గ్రాంట్ తెచ్చుకునే దారిలో వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడ మనం ఒక చెయ్యి వెయ్యాలి.

ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే వచ్చేవాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగులే అని మనలో చాలామంది అనుకుంటారు. ఫైరింజన్ అంటే ప్రభుత్వ శాఖే అన్న చోట పెరిగినవాళ్లం కాబట్టి అలా అనుకోవడం సహజం. ఈ దేశంలో మాత్రం ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండు వంతుల మంది వాలంటీర్లు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పటి నుంచీ వస్తున్న ఆచారం ఇది. న్యూజెర్సీలో మనవాళ్లు బాగా స్థిరపడిన సౌత్ బ్రన్స్‌విక్‌నే చూడండి. అక్కడ మంటలార్పేది మన్‌మత్ జంక్షన్, కెండల్ పార్క్, కింగ్‌స్టన్ వాలంటీర్ కంపెనీలు. పగలు తమ ఉద్యోగాలు తాము చేసుకునేవాళ్లే రాత్రి పేజర్ మోగితే లేచి పరుగెత్తుతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే కుటుంబాలు మనలో ఎన్ని లేవు? వాళ్లకి ఛాతీలో నొప్పి వస్తే న్యూజెర్సీలో పారామెడిక్స్ (మందులు, ఇంజెక్షన్లు ఇవ్వగలిగేవాళ్లు) ఆస్పత్రుల తరఫున వస్తారు. ఈఎంటీలు (ప్రథమ చికిత్స చేసి అంబులెన్స్‌లో తీసుకెళ్లేవాళ్లు) మాత్రం చాలా ఊళ్లలో స్థానిక స్క్వాడ్ నుంచే రావాలి.

ఈ వాలంటీర్లు తగ్గిపోతున్నారు. 1984లో దేశం మొత్తం మీద దాదాపు 9 లక్షల మంది ఉండేవారు. 2020 నాటికి 7 లక్షల లోపుకి పడిపోయారు. వచ్చే కాల్స్ మాత్రం అదే కాలంలో దాదాపు మూడింతలయ్యాయి. ఉన్న కొద్దిమందిలో మళ్లీ సగం ఓపిక పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్‌లు, రాఫిల్ టికెట్లు పెట్టి డబ్బు పోగుచేయడానికే పోతోంది.

ఇదంతా గ్రాంట్ డబ్బు లేక కాదు. 2001 నుంచి ఫెడరల్ ప్రభుత్వం ఏటా అసిస్టెన్స్ టు ఫైర్‌ఫైటర్స్ గ్రాంట్ ఇస్తోంది. మనుషుల్ని చేర్చుకోవడానికి, నిలబెట్టుకోవడానికి సేఫర్ అని మరో గ్రాంట్ ఉంది. మొదటి దానితో వీపున మోసుకెళ్లే గాలి సిలిండర్లు, మంటల్లోకి వేసుకెళ్లే కోట్లు, థర్మల్ కెమెరాలు, రేడియోలు కొనుక్కోవచ్చు. ఆ కోటు పైకి ఎంత బాగున్నా తయారై పదేళ్లు దాటితే తీసేయాలని జాతీయ ప్రమాణాలు చెబుతాయి. ఒక్కో జతకి కొన్ని వేల డాలర్లు పడుతుంది. 30 మంది ఉన్న చిన్న కంపెనీకి అది ఎంత బరువో లెక్కేసుకోండి.

ఇందులో స్థానికులు భరించాల్సిన వాటా, అంటే మ్యాచింగ్ డబ్బు, చాలా చిన్నది. కంపెనీ సేవలందించే ప్రాంతంలో జనాభా 20,000 లేదా అంతకన్నా తక్కువైతే గ్రాంట్ మొత్తం మీద 5 శాతం. అక్కడి నుంచి 10 లక్షల దాకా 10 శాతం, ఆపైన 15 శాతం. అంటే ఒక చిన్న ఊరి కంపెనీకి లక్ష డాలర్లు వస్తే వాళ్లు కలపాల్సింది 5,000. మన సంఘం ఒక సాయంత్రం సౌండ్ సిస్టమ్‌కి, స్టేజీ అలంకరణకి పెట్టే ఖర్చుతో ఒక ఊరి మొత్తానికి పనికొచ్చే లక్ష డాలర్లు కదులుతాయి. నాకు తెలిసి మన డాలర్‌కి ఇంతకన్నా బలం ఇంకెక్కడా రాదు.

అసలు చిక్కు డబ్బు కన్నా ముందే మొదలవుతుంది. ఫెడరల్ గ్రాంట్లు అడిగే సంస్థలు నమోదయ్యే శామ్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యూ చేయాలి. ఆర్థిక అవసరం ఎంతో, పెట్టే ఖర్చుకి ప్రయోజనం ఏమిటో, ఆ పరికరం వస్తే రోజువారీ పనిలో ఏం మారుతుందో వ్యాసంలా రాసి ఒప్పించాలి. చదివి మార్కులు వేసేది కూడా ఫైర్ సర్వీస్ వాళ్లే కాబట్టి డొల్ల మాటలు పనిచేయవు. ఏ కాల్‌కి ఎన్ని నిమిషాల్లో వెళ్లారో లెక్కలు చూపాలి. ఆ లెక్కలు రాసే విధానం కూడా పాతదాని నుంచి నెరిస్ అనే కొత్త వ్యవస్థకి మారుతోంది. పెద్ద నగరాల డిపార్ట్‌మెంట్లకి గ్రాంట్లు రాయడానికే జీతమిచ్చి పెట్టుకున్న మనుషులుంటారు. చిన్న కంపెనీలో ఆ పని రాత్రి పది దాటాక, పిల్లలు పడుకున్నాక, ట్రెజరర్ కిచెన్ టేబుల్ మీద చేయాలి.

మరి మన దగ్గరేమో రిక్వైర్‌మెంట్స్ రాసేవాళ్లు, డేటా శుభ్రం చేసి రిపోర్టులు తీసేవాళ్లు, గడువులోగా ప్రాజెక్టు నడిపించేవాళ్లు వందల్లో ఉన్నారు. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగిన పదిమంది చాలు. చాలా టెక్ కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన డొనేషన్‌కి సమానంగా డబ్బిస్తాయి, వాలంటీర్ గంటలకి కూడా ఇస్తాయి. ఆ అవకాశాన్ని మనం వాడుకునేది చాలా తక్కువ. ఫైర్ కంపెనీలన్నీ 501(సి)(3) (విరాళాలకు పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థల హోదా) కిందే ఉండవు, కాబట్టి ముందుగా అది కనుక్కోవాలి.

స్కూళ్ల సంగతీ ఇంతే. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం వల్ల వచ్చిన ఈ-రేట్ అనే ఫెడరల్ పథకం కింద బడులకి, లైబ్రరీలకి ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం రాయితీ దొరుకుతుంది. బీద పిల్లలు ఎక్కువున్న చోట ఎక్కువ. కానీ తీగ గోడ దాకా వస్తుంది. పిల్లల చేతిలో లాప్‌టాప్‌కి గానీ, కోడింగ్ నేర్పే టీచర్‌కి గానీ అందులోంచి పైసా రాదు. మన పిల్లలకి ఈ ఇబ్బంది తెలియదు. ఫస్ట్ (FIRST) అనే సంస్థ నడిపే రోబోటిక్స్ హైస్కూల్ పోటీకి ఒక టీమ్ రిజిస్ట్రేషన్‌కే దాదాపు 6,000 డాలర్లు అయినా, మన సబర్బ్‌లలో తల్లిదండ్రులు, వాళ్ల కంపెనీలు కలిసి కట్టేస్తారు. కారులో కాసేపు వెళ్తే వచ్చే న్యూజెర్సీ రాజధాని ట్రెంటన్‌లో పిల్లలకి ఆ అండ లేదు. సంఘం తరఫున ఒక టీమ్‌కి డబ్బు ఇచ్చేట్టయితే అక్కడి పిల్లలకే ఇవ్వాలి. రోబోటిక్స్‌లో ఆరితేరిన మన పిల్లలు శనివారాలు వెళ్లి వాళ్లకి నేర్పాలి. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఒకసారి వెళ్లివచ్చే సేవ గురించి నేను మాట్లాడటం లేదు. సీజన్ మొత్తం వెళ్లాలి.

ఈ ప్రతిపాదన వింటే కొందరికి వెంటనే సొంతూరు గుర్తొస్తుంది. మన డబ్బు మన ఊరి బడికి, మన జిల్లా ఆస్పత్రికి వెళ్లొద్దా అని అడుగుతారు. వెళ్లాలి. ఆ పద్దులో ఒక్క డాలర్ తగ్గించమని నేను అడగను. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు ఎన్ని ప్రాణాలు కాపాడిందో మన ఇళ్లలోనే చెప్పేవాళ్లున్నారు. దానికి పారామెడిక్ శిక్షణ తయారుచేయడంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు కూడా సాయపడ్డారు. తమ ఊరు కాదు కదా అని వాళ్లు అనుకోలేదు. మనం ఇళ్లు కొనుక్కున్న ఊళ్లు, పిల్లల్ని పెంచుతున్న ఊళ్లు మనవి కావని మనం ఎలా అనుకుంటాం?

కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే సమావేశంలో సేవా పద్దు నుంచి పదో వంతు మ్యాచింగ్ నిధిగా పక్కన పెడుతూ తీర్మానం చేయండి. గ్రాంట్ రాయగలిగిన సభ్యుల పేర్లు ఇప్పుడే తీసుకోండి. ఫెడరల్ అప్లికేషన్ తెరిచాక గడువు కొద్ది వారాలే ఉంటుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కే అంత సమయం పట్టొచ్చు. అందుకే నోటీసు వచ్చేదాకా ఆగకుండా, ఈ నెలలోనే మీ మీ ఊళ్ల ఫైర్ కంపెనీ నెలవారీ మీటింగ్‌కి ఒక్కరైనా వెళ్లి, వాళ్లకి ఏం కావాలో, కిందటిసారి అప్లికేషన్ ఎక్కడ ఆగిపోయిందో అడిగి రండి.