“అర్థమైందా?” అని అడిగితే సరిపోదు

కర్నూలు జిల్లాలో ఆదోనికి అవతల ఒక పల్లె బడి. మూడో తరగతి. బోర్డు మీద 52 – 17 లెక్క చేసి చూపించి, “అర్థమైందా?” అని సారు అడిగారు. “అర్థమైంది సార్” అని గది మొత్తం ఒకే గొంతుతో అరిచింది. తర్వాత అదే లెక్క నోట్సులో చేయమంటే చాలామంది 45 అని రాశారు.

ఆ 45 ఎలా వచ్చిందో చూడండి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న సూత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లే కట్టుకున్నారు. పిల్లలు సొంతంగా కనుక్కుంటేనే అసలైన చదువు అని శిక్షణ తరగతుల్లో వింటూ ఉంటాం. కనుక్కున్నది తప్పైతే, దాన్ని ఆ రోజే పట్టుకునే మనిషి పక్కన ఉండాలి కదా.

కొన్ని రోజుల తర్వాత అదే బడిలో ఇంకో మేడమ్ అదే లెక్క చెప్పడం చూశాను. ముందు నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలు అడిగారు. తర్వాత పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు బల్ల మీద పెట్టారు. “రెండిట్లోంచి ఏడు తీయగలమా?” “తీయలేం మేడమ్.” ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తీశారు. ఇప్పుడు కట్టలు నాలుగు, విడి పుల్లలు పన్నెండు. అందులో ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లో ఒకటి పోతే మూడు. జవాబు 35. తర్వాతి లెక్క పిల్లలతో కలిసి చేశారు. మూడోది, 61 – 34, వాళ్లనే పలక మీద చేయమన్నారు. “పలకలు పైకెత్తండి!” ముగ్గురి పలకల మీద 33 ఉంది. ఆ ముగ్గురినీ ముందుకు పిలిచి, మిగతావాళ్లకు ఇంకో రెండు లెక్కలిచ్చి, మళ్లీ కట్ట విప్పారు.

చూపించడం, కలిసి చేయడం, వాళ్ల చేత చేయించడం, అందరి జవాబూ చూడటం. ఉపాధ్యాయుడు ముందుండి నడిపించే క్రమబద్ధమైన బోధన అంటే ఇదే. ‘అర్థమైంది సార్’ అన్న కేకలో దాక్కున్న పిల్లాడు పలక ఎత్తితే దాక్కోలేడు.

ఇది మళ్లీ పాత బట్టీ చదువే అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. బట్టీలో కట్ట విప్పడం ఉండదు. అమెరికాలో 1968లో మొదలైన ‘ఫాలో త్రూ’ అనే పెద్ద ప్రయోగంలో పేద పిల్లలకు రకరకాల పద్ధతుల్లో చదువు చెప్పి చూశారు. చదవడం, లెక్కల్లాంటి ప్రాథమిక నైపుణ్యాల్లో ఇలాంటి బోధనే ముందు నిలిచింది. ఆ ఫలితాలను లెక్కించిన తీరు మీద తర్వాత గట్టి వాదనలే జరిగాయి, అది కూడా చెప్పాలి. అయితే 2012లో అమెరికా విద్యా పరిశోధకుడు బరాక్ రోజెన్‌షైన్ మంచి ఉపాధ్యాయుల తీరు మీద జరిగిన పరిశోధనలను క్రోడీకరించినప్పుడూ ఇవే మాటలు వచ్చాయి: చిన్న చిన్న మెట్లు, ఎక్కువ ప్రశ్నలు, రోజూ పునశ్చరణ. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు మనసు ఒకేసారి మోయగలిగేది కొంచెమే.

మన ప్రాంతానికి ఇది ఇంకా ఎక్కువ అవసరం. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు చాలా కుటుంబాలు పంట పనులు అయిపోగానే గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. సీజనల్ హాస్టళ్లు ఉన్నా, అమ్మానాన్నల వెంట పోయే పిల్లలు పోతూనే ఉన్నారు. సరిహద్దు ఊళ్లలో ఇంట్లో కన్నడం, తండాల్లో లంబాడీ భాష. చేతిలోనేమో 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకం. అమ్మానాన్నలు చదువుకున్న ఇంట్లో బడిలో అర్థం కానిది సాయంత్రం ఎవరో ఒకరు చెప్తారు. ట్యూషన్ ఉంటుంది. సుగ్గికి పోయే ఇంటి పిల్లకు పాఠం చెప్పే మనిషి టీచర్ ఒక్కరే. ‘నువ్వే కనుక్కో’ అని ఆ పిల్లను వదిలేస్తే అది స్వేచ్ఛ కాదు, ఒంటరితనం.

ఈ పద్ధతికి ఒక పెద్ద చిక్కుంది. ఒక్కరే టీచర్ ఉన్న బడిలో మూడో తరగతికి పుల్లల కట్ట విప్పుతుంటే ఒకటి, రెండు తరగతులవాళ్లు ఏం చేయాలి? మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థవాళ్లు ఇలాంటి బడుల కోసమే కార్డుల పద్ధతి తయారు చేశారు. పిల్లలు ఎవరి వేగంలో వాళ్లు కార్డులు చేసుకుంటూ పోతారు. సాధనకు అది చాలా మంచిదని నా నమ్మకం. కొత్త పాఠం మొదటిసారి మాత్రం టీచర్ నోటి నుంచే రావాలి. ఒక తరగతికి పాఠం, మిగతావాళ్లకు కార్డులు అని గంటలు పంచుకోవచ్చు. కానీ ఆ గంటలు టీచర్ చేతిలో మిగలాలి. హాజరు, భోజనం, ఫొటోలు అంటూ యాప్‌లకే పొద్దు పోతుంటే ఎవరికైనా టెన్షనే తప్ప పాఠం ఎక్కడ?

2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం లక్ష్యం, 2026-27కల్లా మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా చదవడం, లెక్కలు చేయడం. ఆ గడువు మన నెత్తి మీదే ఉంది. సుగ్గికి పోయి ఉగాదికి తిరిగొచ్చే పిల్లలను నేరుగా ఆ రోజు పాఠంలో కూర్చోబెట్టకుండా, మొదటి రెండు వారాలు పోయిన పాఠాలను మెట్టు మెట్టుగా చెప్పడానికి ఇద్దామని మన జిల్లా పశ్చిమ మండలాల హెడ్మాస్టర్లు ఈ ఏడాదే నిర్ణయం తీసుకోవచ్చు. అందుకు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, పలకలు చాలు. ఆ రెండు వారాలూ టీచర్‌ను వేరే పనికి పిలవకుండా ఉండటం పైఅధికారుల పని.